అజర్‌బైజాన్‌లోని షెకీలో నాలుగు రాత్రులు: మూడు జంటల కోసం వేసిన ఒక నిదానమైన ప్లాన్

2024 వేసవి చివర్లో ప్రయాణాల ప్లాన్లు వేసే నా దగ్గరికి మూడు జంటలు కలిసి వచ్చాయి. ముగ్గురు ఆడవాళ్లూ కాకినాడలో ఒకే స్కూల్లో చదువుకున్నవాళ్లు. ఇప్పుడు ఒకరు విజయవాడలో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు విశాఖలో ఉంటున్నారు. భర్తలు వాళ్ల ద్వారానే స్నేహితులయ్యారు. అందరూ యాభై దాటినవాళ్లే. వాళ్ల చేతిలో అప్పటికే అజర్‌బైజాన్‌కు ఒక కొటేషన్ ఉంది. రాత్రులన్నీ రాజధాని బాకులోనే. ఒకరోజు గబాలా, ఒకరోజు కుబా, షాదాగ్, ఒకరోజు గోబుస్తాన్, మట్టి అగ్నిపర్వతాలు. రాత్రి భోజనం రోజూ ఇండియన్ రెస్టారెంట్‌లో. మొదటిసారి వెళ్లి అన్నీ ఒక చూపు చూసి రావాలనుకునేవాళ్లకు అది సరిపోతుంది. వీళ్లు అడిగింది వేరు. విజయవాడ ఆవిడ నాతో అన్న మాట నోట్సులో అలాగే రాసుకున్నాను: "మాకు పరుగు వద్దండీ. పొద్దున నిదానంగా లేవాలి. అక్కడివాళ్లు తినేది తినాలి. ఎవరైనా చేత్తో ఏదైనా చేస్తుంటే కూర్చుని చూడాలి."

ఈ కోరికకు ఆ కొటేషన్ ఎందుకు సరిపోదో ముందు చెప్పాలి. బాకు నుంచి గబాలాకు సుమారు 220 కిలోమీటర్లు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడమంటే రోజులో సగానికి పైగా కారులోనే గడిచిపోతుంది. కాకసస్ పర్వతాల పాదాల దగ్గర ఉండే ఊళ్లకు అసలైన అందం పొద్దున పది లోపు, సాయంత్రం ఐదు తర్వాత వస్తుంది. పొగమంచు అడవి మీద నుంచి లేస్తున్నప్పుడు, తందూరు పొయ్యిలు వెలిగించినప్పుడు, వీధి అరుగుల మీద ముసలివాళ్లు చేరినప్పుడు. డే ట్రిప్‌లో వెళ్లినవాళ్లకు ఈ రెండు సమయాలూ దొరకవు. వాళ్లు మధ్యాహ్నం ఎండలో వెళ్లి, టూరిస్టు బస్సుల మధ్య రోప్‌వే ఎక్కి వచ్చేస్తారు. అందుకే నేను లెక్క తిరగేశాను. బాకులో మొదట ఒక రాత్రి, చివర ఒక రాత్రి. మధ్యలో ఇస్మాయిల్లీ అనే ఊరి దగ్గర రెండు, కొండల కింది పాత పట్టణం షెకీలో నాలుగు. ఆ నాలుగు రాత్రులూ ఒకే ఇంట్లో. పెట్టె ఒకసారి విప్పితే మళ్లీ సర్దే పని ఉండకూడదు.

తేదీల దగ్గర నాకు పెద్దగా సందేహం కలగలేదు. అక్టోబర్ మధ్యలో అడవులు రంగు మారతాయి, చెస్ట్‌నట్, వాల్‌నట్, దానిమ్మ, క్విన్స్ పండ్లు అన్నీ ఒకేసారి బజారుకు వస్తాయి. ఆ ఏడాది నవంబర్ 11 నుంచి బాకులో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు ఉండింది కాబట్టి ఆ నెలలో హోటల్ ధరలు ఎలా ఉంటాయో ఊహించగలిగాం. దానికి ముందే తిరిగి వచ్చేలా చూశాను. అప్పట్లో హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. ఢిల్లీ నుంచి బాకుకు 2023లో ఇండిగో విమానం మొదలైంది కాబట్టి అందరినీ ఢిల్లీలో కలిపాను. ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే, మూడు పనిదినాల్లో వచ్చేసింది. ఫీజు అప్పట్లో 25 డాలర్ల చుట్టుపక్కల. జార్జియా కూడా కలుపుకుందామా అని హైదరాబాద్ ఆయన అడిగారు. కోవిడ్ సమయంలో, 2020లో, మూసిన అజర్‌బైజాన్ భూసరిహద్దులు ప్రయాణికులకు అప్పటికి ఇంకా తెరవలేదు. షెకీ నుంచి జార్జియా సరిహద్దు మ్యాపులో దగ్గరే అయినా రోడ్డు మీద దాటలేమని చెప్పి ఆ ఆలోచన అక్కడే ఆపాను.

ఒక విషయం ఇక్కడే చెప్పడం న్యాయం. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ సమయంలో అజర్‌బైజాన్ పాకిస్తాన్ పక్షాన మాట్లాడింది. ఆ తర్వాత మన దేశం నుంచి అక్కడికి వెళ్లేవాళ్లు బాగా తగ్గిపోయారు, చాలా ట్రావెల్ సంస్థలు బుకింగ్‌లు ఆపేశాయి. వెళ్లాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం, అందులో నేను ఎవరినీ ఒప్పించను. ఈ ప్రయాణం దానికి ముందుది. నేను ఇక్కడ రాస్తున్నది ప్లాన్ ఎలా వేశాం, అది ఎలా నడిచింది అన్నంతవరకే.

ప్లాన్‌లో నేను ఎక్కువ ఆలోచించింది చూడాల్సిన స్థలాల గురించి కాదు. ముగ్గురు చిన్ననాటి స్నేహితురాళ్లు కలిస్తే పొద్దున్నుంచి రాత్రి వరకు ఒకటే గుంపుగా ఉంటారు. భర్తలు ముగ్గురూ మరో గుంపు అవుతారు. జంటలుగా వెళ్లినవాళ్లు జంటలుగా గడిపేది రాత్రి నిద్రపోయే ముందు పది నిమిషాలు. ఇలాంటి గుంపుల్లో ఇది నేను తరచూ చూస్తుంటాను, ఎవరూ ఫిర్యాదు చేయరు కూడా. అందుకే వాళ్లను అడిగి రెండు విషయాలు ఖాయం చేశాను. షెకీలో రెండు సాయంత్రాలు ఎవరి భోజనం వారిదే, మూడు చోట్ల మూడు టేబుళ్లు. ఇక బండి విషయంలో ఆరుగురికి ఒక వ్యాన్ కాకుండా రెండు కార్లు. వ్యాన్ కన్నా ఖర్చు ఎక్కువే. కానీ ఒక జంటకు అలసటగా ఉంటే మిగతా నలుగురు ఆగాల్సిన పని ఉండదు. ఇంత చిన్న నిర్ణయం మొత్తం ప్రయాణాన్ని నిలబెట్టిందని తర్వాత తేలింది. దాని సంగతి కింద చెబుతాను.

రోజు కొలత కూడా మొదటే చెప్పాను. రోజుకు ఒక్కటే అపాయింట్‌మెంట్, అది పదిన్నర తర్వాతే. మధ్యాహ్న భోజనం రోజులో పెద్ద పని, దానికి కనీసం రెండు గంటలు. ఆ తర్వాత ఐదింటి దాకా ఏమీ పెట్టకూడదు. అజర్‌బైజాన్ మనకంటే గంటన్నర వెనక. ఇంట్లో ఆరున్నరకు లేచేవాళ్లకు అక్కడ ఐదింటికే మెలకువ వస్తుంది. ఆ వేళకు ఏ గెస్ట్ హౌస్‌లోనూ టిఫిన్ ఉండదు. అందుకని ప్రతి గదిలో రాత్రే ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టమని ముందే మాట్లాడాను. టీ, బిస్కెట్లు వాళ్ల సంచుల్లోనే ఉన్నాయి.

ఇక తిండి. ఈ కేసులో అసలైన పని ఇదే. విజయవాడ జంట శాకాహారులు. ఆయన బయట గుడ్డు తింటారు, ఆవిడ తినరు. మిగతా నలుగురూ మాంసాహారులే, కానీ బీఫ్ ముట్టరు. అజర్‌బైజాన్‌లో గొర్రె మాంసం ఎక్కువ, ఆవు మాంసమూ అంతే మామూలు. దుష్‌బరా అనే చిన్న కుడుముల సూపులో, గుతాబ్ అనే పలుచటి మడత రొట్టెలో మాంసం పెట్టి చేసే రకంలో, కీమా వేసే చాలా వంటల్లో ఏది వాడారో అడిగితే తప్ప తెలియదు. 'మటన్ తింటాం' అని చెబితే వాళ్లకు బీఫ్ వద్దన్న సంగతి అర్థం కాదు. అందుకే అజర్‌బైజానీలో రెండు రకాల కార్డులు రాయించాను. ఒకదాని మీద గొర్రె, కోడి, చేప సరే, ఆవు, దూడ మాంసం వద్దు అని. రెండోదాని మీద మాంసం, చేప, ఎముకల రసం, గొర్రె తోక కొవ్వు ఏవీ వద్దు, పాలు, పెరుగు, వెన్న, చీజ్ సరే అని. గుడ్డు సరే అని ఒక వరుస విడిగా పెట్టి ఆవిడ కార్డులో మాత్రం కొట్టేయించాను. తోక కొవ్వు అన్న మాట తప్పకుండా ఉండాలి. మాంసం ముక్క వేయకపోయినా రుచి కోసం ఆ కొవ్వుతో వండటం అక్కడ సహజం, దాన్ని ఎవరూ మాంసంగా లెక్కపెట్టరు.

శాకాహారికి ఆ ప్రాంతం కష్టమని అందరూ అంటారు. కబాబ్ హోటళ్లలోనే తింటే నిజమే. ఇళ్లలో వండించుకుంటే ఆ మాట పూర్తిగా తప్పు. పలావు లాంటి అక్కడి ప్లోవ్‌నే తీసుకోండి. మన బిర్యానీలో మాంసం, బియ్యం కలిసే దమ్ అవుతాయి. అజర్‌బైజాన్‌లో అన్నం వేరు, పైన పెట్టుకునే కూర వేరు. బియ్యాన్ని ఉప్పునీళ్లలో ముప్పావు వంతు ఉడికించి వార్చి, అడుగున గజ్‌మాగ్ అనే పొర పరిచి, వెన్న, కుంకుమపువ్వు నీళ్లు పోసి సన్నని సెగ మీద మగ్గిస్తారు. పైన ఎండు ఆప్రికాట్లు, పుల్లటి ఎండు ప్లమ్స్, కిస్మిస్, చెస్ట్‌నట్ వెన్నలో వేయించి పెడతారు. అదే గిన్నెలోని అన్నంతో మాంసం కూర ఒకవైపు, పండ్లు, చెస్ట్‌నట్ ఒకవైపు వడ్డిస్తే ఆరుగురూ ఒకే భోజనం చేసినట్టవుతుంది. చూసుకోవాల్సింది అడుగు పొర ఒక్కటే. దాన్ని తరచుగా గుడ్డు, పెరుగు కలిపిన అన్నంతో వేస్తారు. పలుచటి లవాష్ రొట్టె పరిచి వేయమని అడిగితే సరిపోతుంది, అది కూడా వాళ్ల పద్ధతే. అలాగే దోవ్గా. పెరుగులో బియ్యం, కొత్తిమీర, పుదీనా, సోయాకూర లాంటి ఆకులు వేసి విరగకుండా కలుపుతూ కాచే పులుసు. చూడటానికి పక్కా శాకాహారం. పెరుగు విరగకుండా చాలామంది అందులో గుడ్డు కొడతారు. పిండితో చేయమని ముందు రోజే చెప్పాలి. వంట మొదలయ్యాక చెప్పి లాభం లేదు.

శాకాహారులకు ఇంకా ఉన్నవి: ఆకుకూరల గుతాబ్, గుమ్మడికాయ గుతాబ్, నిప్పుల మీద కాల్చిన వంకాయ, టమాటా, మిరపకాయ కలిపి దంచిన సలాడ్, తందూరు రొట్టె, గొర్రె పాల చీజ్, గట్టి పెరుగు, పప్పు సూపు. పప్పు సూపులో మాంసం రసం పోశారా అని మాత్రం కార్డు చూపించి అడగాలి. విజయవాడ ఆవిడ ఆవకాయ సీసా పట్టుకెళ్లారు, పట్టుకెళ్లమని నేనే చెప్పాను. షెకీలో ఇంటావిడ తాను పెట్టిన ఊరగాయల పక్కన ఆ సీసాను కూడా రోజూ టేబుల్ మీద పెట్టేదట.

బాకులో దిగిన మర్నాడు పది దాటాక బయలుదేరారు. బాకు చుట్టుపక్కలంతా పొడి నేల, గాలి. పడమరగా వెళ్తున్నకొద్దీ రోడ్డు ఎక్కుతుంది, పచ్చదనం మొదలవుతుంది. మరాజా దగ్గర కొండరాతికి ఆనుకుని దిరి బాబా సమాధి మందిరం ఉంది, 1402 నాటిది. రోడ్డు పక్కనే కాబట్టి కాళ్లు సాగదీసుకోవడానికి ఆపించాను. మెట్లు ఇరుకు, మోకాలి నొప్పి ఉన్న హైదరాబాద్ ఆయన కిందే కూర్చున్నారు. షమాఖీ ఒకప్పుడు షిర్వాన్ రాజుల రాజధాని, భూకంపాల్లో మళ్లీ మళ్లీ కూలిన ఊరు. జుమా మసీదు ఎనిమిదో శతాబ్దంలో మొదలైనదే అయినా ఇప్పుడు కనిపించేదంతా తిరిగి కట్టినది. ఆ ఊరి పక్కనున్న మద్రసా అనే గ్రామం పేరే అక్కడి ఎర్ర ద్రాక్షకూ వచ్చింది. ఆ ద్రాక్ష వైన్‌ను రుచి చూపించే చోట భోజనం పెట్టించాను. తాగనివాళ్లకు దానిమ్మ రసం.

ఇస్మాయిల్లీలో రెండు రాత్రులు ఎందుకంటే లాహిజ్ కోసం. గిర్దిమాన్ నది లోయలో, సుమారు 1200 మీటర్ల ఎత్తున ఉన్న రాగి పనివాళ్ల గ్రామం అది. అక్కడివాళ్లు మాట్లాడేది తాత్ భాష, పారశీకానికి దగ్గరిది. నది గుండ్రాళ్లు పరిచిన వీధి, రెండు వైపులా రాతి ఇళ్లు. భూకంపం వస్తే గోడ మొత్తం ఒక్కసారి పగలకుండా రాళ్ల వరుసల మధ్య చెక్క దూలాలు పెట్టి కట్టారు. లాహిజ్ రాగి పని 2015లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడికి వెళ్లే రోడ్డు కొండ చరియ పక్కనే, ఒకవైపు లోయ. వాన పడితే రాళ్లు జారతాయి. రెండు రాత్రులు పెట్టడంలో నా లెక్క ఇదే: రెండు పొద్దుల్లో ఏది పొడిగా ఉంటే అది లాహిజ్‌కు. మొదటి పొద్దు వాన. ఎవరికీ టెన్షన్ లేదు. ఆరోజు బస్గల్ వెళ్లారు. అక్కడ కెలాగాయి అనే పట్టు తలగుడ్డలు చేస్తారు. చెక్క అచ్చును కరిగించిన మైనం మిశ్రమంలో ముంచి గుడ్డ మీద అద్ది, ఆపై రంగులో ముంచుతారు. అద్దిన చోట రంగు పట్టదు. ఈ కళ 2014లోనే యునెస్కో జాబితాలో చేరింది. మామిడి పిందె నమూనా అక్కడ వీళ్లకు ప్రతి గుడ్డ మీదా కనిపించింది.

రెండో పొద్దు తేటగా ఉంది. లాహిజ్‌లో నేను పెట్టిన అపాయింట్‌మెంట్ ఒక్క కంచరి దుకాణం. వీధిలో పది దుకాణాలు తిరిగి ఫొటోలు తీయడం కన్నా ఒక్క చోట గంట కూర్చుంటే రాగి రేకు చెంబుగా మారడం మొదటి దెబ్బ నుంచి చూడొచ్చు. కొనేవాళ్లకు ఒక మాట చెప్పి పంపాను. వంటకైతే లోపల కళాయి పూసినదే తీసుకోవాలి. కళాయి లేని రాగి గిన్నెలో పెరుగు, పులుపు పెట్టకూడదని మన ఇళ్లలోనూ తెలిసిందే. అలంకారానికైతే ఏదైనా సరే. కళాయి పని అక్కడే, వాళ్ల ముందే చేసి ఇస్తారు. విశాఖ డాక్టరుగారు రెండు చిన్న గిన్నెలకు చేయించుకున్నారు.

విశాఖ ఆవిడ రష్యాలో మెడిసిన్ చదివారు. మన రెండు రాష్ట్రాల నుంచి అలా చదివి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు కదా. ముప్పై ఏళ్లుగా వాడని ఆ భాష ఆవిడకు ఇక్కడ అక్కరకొచ్చింది. ఇంగ్లీష్ బాకు దాటాక పెద్దగా నడవదు, నడివయసు దాటినవాళ్లకు రష్యన్ బాగా వచ్చు. ఇవనోవ్కా అనే ఊరు దారికి దగ్గరే. పందొమ్మిదో శతాబ్దంలో రష్యా నుంచి మత కారణాల వల్ల పంపేసిన మొలొకాన్‌లు అనే క్రైస్తవ శాఖవాళ్ల ఊరు, ఇప్పటికీ రష్యన్ ఊరిలాగే ఉంటుంది. షెకీ వెళ్లే రోజు పొద్దున అక్కడ ఆగారు. ఆవిడ ఒక పెద్దావిడతో గేటు దగ్గర మాటల్లో పడి, తేనె, సమోవర్ టీ వరకూ వెళ్లింది. నా ప్లాన్‌లో ఇవనోవ్కాకు రాసింది 'అరగంట'. ఆలస్యమైతే కోప్పడే వేళలు ఆ రోజు ఏవీ పెట్టలేదు కాబట్టి ఎంతసేపున్నా సరిపోయింది.

గబాలాలో భోజనానికి మాత్రమే ఆపాను. తుఫాన్‌దాగ్ రోప్‌వే, నోహుర్ సరస్సు పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటాయి. వీళ్ల కోరికతో వాటికి పొత్తు కుదరదు.

షెకీ గురించి కాస్త నిలబడి చెప్పాలి. కాకసస్ దక్షిణ వాలు మీద, సుమారు 700 మీటర్ల ఎత్తులో, బాకు నుంచి 300 కిలోమీటర్ల పైన ఉన్న ఊరు. 1772లో కొండల నుంచి వచ్చిన బురద వరద పాత ఊరిని తుడిచిపెట్టేస్తే ఇప్పుడున్న ఎత్తైన చోట మళ్లీ కట్టుకున్నారు. పట్టు, ఒంటె బిడారులు, వర్తకులు. ఆ వర్తకులు దిగిన కారవాన్‌సరాయి భవనం ఇప్పటికీ ఊరి నడిమధ్య ఉంది. అక్కడి పాలకుల ఖాన్ ప్యాలెస్‌తో కలిపి పాత ఊరు మొత్తాన్నీ 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ సమావేశం బాకులోనే జరిగింది.

పాత ఊరంతా ఎత్తుపల్లాల రాళ్ల వీధులు. మోకాలి నొప్పి ఉన్న ఆయన కోసం ఇల్లు వెతకడానికి చాలా కబుర్లు నడిపాను. చివరికి ప్యాలెస్ వీధికి కాస్త కింద, కారు గుమ్మం దాకా వచ్చే ఒక కుటుంబం గెస్ట్ హౌస్ దొరికింది. కింది అంతస్తులో ఒక గది, పైన రెండు, పెరట్లో క్విన్స్ చెట్లు, తందూరు. కారవాన్‌సరాయి లాంటి పాత భవనాల్లో బస చేయాలని అందరికీ ఉంటుంది. మెట్లు, రాతి గడపలు, చిన్న స్నానాల గదులు ఉంటాయని తెలిసి, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే వాటిని ఎంచుకోవాలి. వీళ్లను అక్కడికి చూడ్డానికి పంపాను, నిద్రకు కాదు.

ఖాన్ ప్యాలెస్ 18వ శతాబ్దపు వేసవి విడిది. చిన్నది, రెండు అంతస్తులు, ఆరు గదులు. ముందు రెండు పెద్ద చినార్ చెట్లు, ప్యాలెస్ కన్నా ముందువి. కిటికీలన్నీ షెబెకె. చెక్క చట్రంలో చిన్న చిన్న రంగు గాజు ముక్కల్ని మేకు, జిగురు ఏదీ లేకుండా ఒకదానిలో ఒకటి బిగించి చేసే పని అది. ఒక చదరపు మీటరులో వేల ముక్కలు పడతాయి. లోపల ఫొటోలు తీయనివ్వరు, గైడుతో కొద్ది కొద్దిమందిని పంపిస్తారు. ఇది పొద్దున వెళ్లాల్సిన చోటు. ఎండ ఏటవాలుగా పడినప్పుడే నేల మీద ఆ రంగులు పరుచుకుంటాయి. మిట్టమధ్యాహ్నం గుంపులో వెళ్లి 'ఇంతేనా' అని వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాత రోజు షెబెకె పని చేసే ఒక ఉస్తాద్ దగ్గర కూర్చున్నారు. ప్యాలెస్‌ను ఒకరోజు, పనిని మరోరోజు పెట్టడం కావాలనే చేశాను. ముందు మొత్తం చూసి, రాత్రి దాని గురించి మాట్లాడుకుని, మర్నాడు ముక్కను చేతిలోకి తీసుకుంటే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

షెకీ హల్వా చేసే చోటు విజయవాడ ఆవిడ ఈ ప్రయాణంలో ఎక్కువ ఇష్టపడిన చోటు. బియ్యప్పిండి జారును సన్నని చిల్లులున్న గరాటులోంచి వేడి పెనం మీద అడ్డంగా, నిలువుగా తిప్పుతూ పోస్తారు. క్షణాల్లో వలలాంటి పలుచటి రేకు వస్తుంది, దాన్ని రిష్తా అంటారు. ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీయడం చూసినవాళ్లకు చేతి వేగం, రేకు చిరగకుండా ఎత్తడం అన్నీ తెలిసిన పనిలాగే ఉంటాయి. ఆ తర్వాత దారి వేరు. రేకుల మధ్య దంచిన హేజల్‌నట్ లేదా వాల్‌నట్, ఏలకులు, ధనియాలు వేసి, పైన కూడా రేకులు పేర్చి, కుంకుమపువ్వు నీళ్లతో గీతలు గీసి, కాల్చి, పాకం పోసి గంటల తరబడి ఊరనిస్తారు. చాలా తీపి. ఇద్దరికి ఒక చిన్న ముక్క, పక్కన పాలు లేని టీ ఉంటే సరైన కొలత.

పితి అనే మట్టికుండ వంటకం మధ్యాహ్నమే తినాలి. రాత్రి తింటే మన వయసు వాళ్లకు నిద్ర ఉండదు, షెకీవాళ్లు కూడా పగలే తింటారు. గొర్రె మాంసం, శనగలు, చెస్ట్‌నట్, ఒక ముక్క తోక కొవ్వు వేసి మనిషికొక మట్టి కుండలో గంటల తరబడి సన్నసెగ మీద ఉంచుతారు. తినడానికి రెండు దశలు. ముందు పళ్లెంలో రొట్టె తుంచి వేసుకుని, సుమాక్ అనే పుల్లటి పొడి చల్లి, కుండలోని రసం దాని మీద ఒంపుకుని తినాలి. తర్వాత మిగిలిన మాంసం, శనగలు పళ్లెంలోకి దింపి ఫోర్కుతో మెదిపి, పచ్చి ఉల్లిపాయతో తినాలి. కొవ్వు ముక్క ఇష్టం లేకపోతే తీసి పక్కన పెట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ముందు రోజే చెప్పి ఉంచితే మంచి కుండ దొరుకుతుంది. విజయవాడ జంటకు అదే టేబుల్ మీద ఇంటావిడ కూరగాయలు, శనగలు, చెస్ట్‌నట్‌తో మట్టి కుండలోనే వండి ఇచ్చింది. అది పితి అని ఆవిడ ఒప్పుకోలేదట, పేరు పెట్టకుండానే వడ్డించింది. ఒకే రకం కుండలు ఆరు టేబుల్ మీదికి రావాలని అడిగింది నేనే. ఇలాంటి ప్రయాణాల్లో శాకాహారులను నొప్పించేది ఆకలి కన్నా, మిగతావాళ్లు ఒక పండుగలా తింటుంటే తమ ముందు సలాడ్ ప్లేటు ఉండటం.

జంటల సాయంత్రాల గురించి ఒక జాగ్రత్త. ఊళ్లలో చాయ్‌ఖానా అంటే సంప్రదాయంగా మగవాళ్లు కూర్చుని నర్ద్ అనే పాచికల ఆట ఆడుకునే చోటు. ఆడవాళ్లను పొమ్మనరు, కానీ జంటగా వెళ్తే ఇబ్బందిగా ఉండొచ్చు. తోటలో టేబుళ్లు వేసి, కుటుంబాలు వచ్చే టీ చోట్లు వేరే ఉంటాయి, అవే రాసిచ్చాను. అక్కడ టీ నడుము సన్నగా ఉండే అర్ముదు గ్లాసులో వస్తుంది. పక్కన తెల్ల చెర్రీ, అత్తిపండు, లేత వాల్‌నట్ మురబ్బాలు. కొన్ని చోట్ల టీ అడిగితే మురబ్బాలు, గింజలు, మిఠాయిలు అన్నీ టేబుల్ మీద పెట్టేసి మొత్తం సెట్టుకు బిల్లు వేస్తారు. ముందే ధర అడిగి, ఏమేం కావాలో చెప్పాలి. హైదరాబాద్ జంట తమ రెండు సాయంత్రాల్లో ఒకటి రెస్టారెంట్‌కు పోకుండా పెరట్లోనే గడిపారు. ఇంటివాళ్లు నిప్పులు వేసి, చెస్ట్‌నట్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయారట. ఆవిడ నాకు పంపిన మెసేజ్‌లో ఎక్కువ భాగం ఆ సాయంత్రం గురించే ఉంది.

మూడో రోజుకు గాఖ్ మీదుగా ఇలిసు వెళ్దామని ఉంది. కొండల్లో పాత సుల్తాన్‌ల ఊరు, సుముగ్ బురుజు, ఎండబెట్టిన మాంసంతో చేసే సుర్హుల్లు అనే వంట. పొద్దున్నే చినుకులు. విజయవాడ జంటకు ఆ వంటతో పని లేదు, హైదరాబాద్ ఆయనకు మోకాలు వాచింది. విశాఖ జంట మాత్రం వెళ్లాలనుకున్నారు. ఒక కారులో వాళ్లిద్దరూ ఇలిసు వెళ్లారు. రెండో కారులో విజయవాడ జంట ఐదు కిలోమీటర్ల దూరంలోని కిష్ ఊరికి వెళ్లి, కాకేసియన్ అల్బేనియా (అక్కడి ఒక ప్రాచీన రాజ్యం, యూరప్‌లోని అల్బేనియా కాదు) కాలపు సంప్రదాయానికి చెందిన చిన్న రాతి చర్చి చూసి వచ్చారు. 2000 తర్వాత నార్వే సహకారంతో బాగుచేసి మ్యూజియంగా ఉంచిన చోటు అది, నేల కింద పాత సమాధులు గాజులోంచి కనిపిస్తాయి. హైదరాబాద్ జంట ఇంట్లోనే ఉండి నిద్రపోయారు. వ్యాన్ పెట్టి ఉంటే ఆరుగురూ వెళ్లేవాళ్లు, లేదా ఆరుగురూ మానేసేవాళ్లు. ఎవరో ఒకరు మొహమాటపడేవాళ్లు.

ఖర్చు విషయానికొస్తే, అప్పట్లో అక్కడి కరెన్సీ ఒక మనాత్ దాదాపు యాభై రూపాయలు. వాళ్ల పాత కొటేషన్‌తో పోలిస్తే మొత్తం కాస్త ఎక్కువే అయింది. షెకీలో బస బాకు హోటళ్ల కన్నా చవక, భోజనాలూ అంతే. మిగిలిన డబ్బు, దానిపైన ఇంకొంత, రెండో కారుకు, ముందే మాట్లాడిన ఇంటి భోజనాలకు, ఉస్తాద్‌ల సమయానికి వెళ్లింది. పనివాళ్ల గంటకు డబ్బు ఇవ్వాలని నేను గట్టిగా చెబుతాను. దుకాణంలో ఊరికే గంట కూర్చుని, ఏమీ కొనకుండా లేచి రావడం మనకు మర్యాద కాదు. కొనాలన్న ఒత్తిడి మీద కొనడమూ బాగుండదు. ముందే గంటకు ఇంత అని మాట్లాడుకుంటే రెండు వైపులా హాయి.

షెకీ నుంచి బాకుకు మధ్యలో భోజనంతో కలిపి ఒక పూర్తి పగలు పెట్టాను. అదే రోజు రాత్రి విమానం పెట్టుకోవద్దని ఎవరికైనా చెబుతాను. కొండల దగ్గర వాన, పొగమంచు ఉంటే ఐదు గంటల దారి ఏడు గంటలవుతుంది. చివరి పొద్దున సురాఖానీలోని ఆతెష్‌గాహ్ అనే అగ్ని మందిరం చూశారు. గోడల మీద దేవనాగరి శాసనాలు, మన వర్తకులు అక్కడికి వెళ్లి అగ్నిని కొలిచిన గుర్తులు. అది ఎయిర్‌పోర్టు వైపే ఉంటుంది కాబట్టి దారి కలిసొస్తుంది.

తిరుగు ప్రయాణంలో సామాను గురించి కొన్ని మాటలు, ఎందుకంటే ఇక్కడ తికమకపడేవాళ్లు ఎక్కువ. మురబ్బా సీసాలు, తేనె, దానిమ్మ సాస్ చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, క్యాబిన్ సంచిలో రానివ్వరు. హల్వా పాకం కారుతుంది, డబ్బాను ప్లాస్టిక్‌తో రెండుసార్లు చుట్టించాలి, బయలుదేరే రోజే కొనాలి. తివాచీ కొంటే దేశం దాటించడానికి బాకులోని కార్పెట్ మ్యూజియం నుంచి ధ్రువపత్రం కావాలి. అది తెచ్చిచ్చే పూచీ దుకాణం తీసుకుంటుందో లేదో డబ్బు కట్టకముందే అడగాలి.